పడుతూనే తిరిగే ఉపగ్రహం: శ్రీహరికోట రాకెట్ వంపుతో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా

మా బడి మిద్దె ఎక్కితే శ్రీహరికోటలో ఎగిరిన రాకెట్ దక్షిణాన, తాటిచెట్ల తలల మీదుగా నిప్పుచుక్కలా లేవడం కనిపిస్తుంది. ప్రయోగం ఉన్న రోజు పాఠం సాగదు. సాగించాలని ప్రయత్నించడం నేను ఎప్పుడో మానేశాను. ఒకసారి ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు గట్టిగా అరిచాడు: "సార్, రాకెట్ వాలిపోతోంది! సముద్రంలో పడేటట్టుంది!" నిజమే, పొగచార నిటారుగా లేదు. విల్లులా వంగి సముద్రం మీదికి సాగిపోయింది. గోడ అవతల నిలబడి చూస్తున్న పెద్దాయన కూడా "అయ్యో, గురి తప్పిందే" అని నిట్టూర్చారు. ఉపగ్రహం కక్ష్యలోకి చేరిందని వార్తల్లో చెప్పాకగాని ఆయన మనసు కుదుటపడలేదు.

ఆ వంపులోనే ఈ పాఠమంతా ఉంది. రాకెట్ ఎందుకు వంగిందో తెలిస్తే ఉపగ్రహం ఎందుకు పడిపోదో తెలిసినట్టే. 2022లో జిల్లాలు విడిపోయాక శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గాని, నెల్లూరు వాళ్ళ నోట అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రం ఇప్పటికీ మన షారే. ఇంటి ముందు నుంచి రాకెట్‌ను చూడగలిగే పిల్లలు దేశంలో చాలా తక్కువమంది. ఆ అదృష్టాన్ని పాఠానికి వాడుకోకపోతే ఎలా?

పెద్ద సరంజామా అక్కర్లేదు. రెండు రూపాయి బిళ్ళలు, ఒక స్కేలు, మెత్తటి రబ్బరు బంతి, రెండు మూరల పురికొస, ఖాళీ నీళ్ళ సీసా, ఒక సూది చాలు. లెక్కలకు పలక ఉంటే మరీ మంచిది. మార్కాపురం పలక మీద తప్పు లెక్కను అరచేత్తో తుడిచెయ్యవచ్చు, నోటుబుక్కులో అది సంవత్సరమంతా మనల్ని వెక్కిరిస్తూ ఉంటుంది. ఆరు, ఏడు తరగతుల వాళ్ళు ఆరో మెట్టును దాటేసి ముందుకు పోవచ్చు.

మొదటి మెట్టు: ఎత్తు మీది భ్రమను వదిలించుకోండి

"ఉపగ్రహం కింద ఎందుకు పడదు?" అని అడిగితే తరగతిలో ఎక్కువ చేతులు లేచేది ఒకే జవాబుకు: "అంత ఎత్తున భూమి ఆకర్షణ ఉండదు సార్." ఇంటికి వెళ్ళి పెద్దలను అడిగినా చాలాసార్లు ఇదే చెబుతారు. ఇది తప్పు. ఈ తప్పు తలలో ఉండగా మిగతా పాఠం ఎక్కదు, అందుకే ముందు దీని పని పడదాం.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది నేల నుంచి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున. నెల్లూరు నుంచి హైదరాబాదుకు ఎంత దూరమో దాదాపు అంత. మనకు అది చాలా ఎత్తు. భూమికి కాదు. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. భూమి బత్తాయి కాయంత ఉంటే ఆ 400 కిలోమీటర్లు దాని తొక్క మందం కూడా ఉండవు. తొక్క దాటగానే ఆకర్షణ మాయమైపోతుందా?

లెక్క కూడా అదే చెబుతుంది. గురుత్వాకర్షణను నేల నుంచి కాక భూమి నడిమధ్య నుంచి కొలవాలి. మనం ఆ నడిమధ్యకు 6,371 కిలోమీటర్ల దూరంలో ఉన్నాం, అంతరిక్ష కేంద్రం 6,771 కిలోమీటర్ల దూరంలో ఉంది. దూరం వర్గానికి విలోమంగా ఆకర్షణ తగ్గుతుంది కాబట్టి అక్కడ మన దగ్గర ఉన్నదానిలో నూటికి 88 వంతులకు పైగా మిగిలే ఉంటుంది. 400 కిలోమీటర్ల ఎత్తు గోపురం ఒకటి కట్టి, దాని కొసన తూకం మిషను పెట్టి నిలబడితే, నెల్లూరులో 50 కిలోలు తూగే మనిషి అక్కడ 44 కిలోలు తూగుతాడు. గోపురం అంచు నుంచి కాలు జారితే సూటిగా కిందికే వస్తాడు. తేలడు.

దీనికి రుజువు కూడా షార్‌లోనే ఉంది. వాతావరణాన్ని పరిశీలించడానికి ఇస్రో పంపే రోహిణి రాకెట్లలో పెద్దది, ఆర్.హెచ్.-560, సుమారు 470 కిలోమీటర్ల ఎత్తుకు పోగలదు. అంటే అంతరిక్ష కేంద్రం కన్నా పైకి. అంత ఎత్తుకు పోయీ కొద్ది నిమిషాల్లో బంగాళాఖాతంలో పడిపోతుంది. ఎత్తే కారణమైతే అది తిరుగుతూ ఉండవలసింది కదా! దానికి లేనిది, ఉపగ్రహానికి ఉన్నది ఒకటే: పక్కకు పోయే వేగం.

ఇంకొక్క అంకె చెప్పి ముందుకు పోతాను. ఒక కిలో వస్తువును 400 కిలోమీటర్ల ఎత్తుకు లేపడానికి ఎంత శక్తి కావాలో, ఆ ఎత్తున దాన్ని కక్ష్యలో తిరిగేంత వేగంగా పక్కకు పరుగెత్తించడానికి దానికి ఎనిమిది రెట్లు కావాలి. రాకెట్ పడే శ్రమలో పైకి ఎక్కడం చిన్న భాగమే. అందుకే అది వంగుతుంది. మరి నేల మీది నుంచే అడ్డంగా పోవచ్చుగా అంటారా? గాలి ఒప్పుకోదు. దట్టమైన గాలిపొరను త్వరగా దాటడానికి మొదట నిటారుగా లేస్తుంది. ఆ తర్వాత కొద్దిగా వాల్చితే, మిగిలిన వంపులో చాలా భాగం గురుత్వాకర్షణే చూసుకుంటుంది.

రెండో మెట్టు: రెండు రూపాయి బిళ్ళలు

స్కేలును బెంచీ అంచు మీద కొంచెం ఏటవాలుగా, ఒక కొస బయటికి వచ్చేలా పెట్టండి. బయటి కొస మీద ఒక బిళ్ళ ఉంచండి. రెండో బిళ్ళను బెంచీ మీదే, స్కేలుకూ బెంచీ అంచుకూ మధ్య, స్కేలుకు ఆనించి పెట్టండి. స్కేలు లోపలి కొసను ఒక వేలితో అదిమి పట్టి, బయటి కొసను రెండో బిళ్ళ ఉన్న వైపుకు చురుగ్గా కొట్టండి. స్కేలు కింద నుంచి జారిపోవడంతో మొదటి బిళ్ళ ఉన్నచోటి నుంచి నిలువునా పడుతుంది. రెండోది దెబ్బ తిని దూరంగా ఎగిరి పడుతుంది.

ఏది ముందు నేలను తాకింది? బెంచీ ఎత్తు నుంచి పడటానికి అర సెకను కూడా పట్టదు. అందుకే కళ్ళు మూసుకుని చెవులతో వినండి. "టక్" అని ఒకే చప్పుడు వస్తుంది. రెండు చప్పుళ్ళు వినిపిస్తే స్కేలు వంకరగా తగిలి బిళ్ళ పైకి ఎగిరిందని అర్థం. మళ్ళీ చెయ్యండి. నాకు కూడా మొదటి రెండుసార్లు కుదరలేదు, పిల్లల ముందే.

పక్కకు ఎంత వేగంగా పోయినా పడటం ఆగదు, ఆలస్యమూ కాదు. గాలి అడ్డు లేకపోతే మొదటి సెకనులో ఏ వస్తువైనా 4.9 మీటర్లు పడుతుంది. ఊరికే వదిలిన బిళ్ళ అయినా, తుపాకీ నుంచి అడ్డంగా పోయిన గుండు అయినా అంతే. ఈ 4.9 మీటర్లను గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పని ఉంది.

మూడో మెట్టు: సముద్రం ఎంత వంగి ఉంది?

మైపాడు ఒడ్డునో కొత్తపట్నం ఒడ్డునో నిలబడి వేటకు వెళ్ళే పడవను చివరిదాకా చూడండి. చిన్నదవుతూ చిన్నదవుతూ చుక్కై మాయం కాదు. ముందు పడవ అడుగు మునిగినట్టు కనిపిస్తుంది, జెండా కట్టిన కర్ర ఇంకా కనిపిస్తూనే ఉంటుంది, చివరికి అదీ దిగిపోతుంది. పడవ మునగలేదు. మధ్యలో నీటి వంపు అడ్డు వచ్చింది.

ఆ వంపుకు ఒక లెక్క ఉంది. మీ పాదాల దగ్గర నేలకు సమాంతరంగా ఒక గీత గీసి, దాన్ని సూటిగా 8 కిలోమీటర్లు పొడిగించారనుకోండి. ఆ కొసన గీతకు కింద భూమి 5 మీటర్లు దిగి ఉంటుంది. దూరాన్ని వర్గం చేసి భూమి వ్యాసంతో భాగించండి: 8 ఎనిమిదులు 64, దాన్ని 12,742తో భాగిస్తే 0.005 కిలోమీటర్లు. అంటే 5 మీటర్లు.

నాలుగో మెట్టు: ఫిరంగిని ఉదయగిరి దుర్గం ఎక్కించండి

రెండో మెట్టులో 4.9 మీటర్లు వచ్చింది, మూడో మెట్టులో 5. ఈ రెండూ ఇంచుమించు ఒకటి కావడం చూసి మీకు ఏమైనా తట్టిందా? తట్టిన వాళ్ళు ఒక నిమిషం ఆగి, పక్కవాళ్ళకు తట్టనివ్వండి.

మొట్టమొదట ఇది తట్టినవాడు న్యూటన్. చాలా ఎత్తైన కొండ మీద ఫిరంగి పెట్టి అడ్డంగా పేల్చితే ఏమవుతుందని ఆయన ఊహించాడు. ఆ బొమ్మ ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 1728లో, అచ్చయింది. మనం ఆ ఫిరంగిని ఉదయగిరి దుర్గం మీదికి ఎక్కిద్దాం. గాలి లేదనీ, భూమి తన చుట్టూ తాను తిరగడం ఆగిందనీ అనుకుందాం. ఫిరంగి మూతి తూర్పుకు ఉంది.

మందు తక్కువ వేస్తే గుండు వింజమూరు చేలల్లో పడుతుంది. ఇంకొంచెం వేస్తే కావలి దాకా పోతుంది. ఇంకా వేస్తే బంగాళాఖాతం, అదీ దాటితే థాయిలాండ్. ఇక్కడి దాకా మామూలు సంగతే, బలంగా విసిరితే దూరంగా పడుతుంది. కాని దూరం పెరిగేకొద్దీ ఇంకొకటి జరుగుతోంది. గుండు పడుతుండగా దాని కింద భూమి కూడా వంగి దిగిపోతోంది. గుండు భూమిని అందుకోవాలని పడుతుంటే, భూమి దాని కింద నుంచి తప్పుకుంటోంది.

గుండును సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగంతో వదిలామనుకోండి. మొదటి సెకనులో 4.9 మీటర్లు పడింది. ఆ సెకనులోనే అది దాదాపు 8 కిలోమీటర్లు ముందుకు పోయింది, అక్కడ భూమి సుమారు 5 మీటర్లు దిగి ఉంది. గుండుకూ నేలకూ మధ్య దూరం మొదట ఎంతో ఇప్పుడూ అంతే! రెండో సెకనులోనూ ఇదే, మూడో సెకనులోనూ ఇదే. ఒక్క క్షణం కూడా పడటం ఆపలేదు, ఒక్క మీటరు కూడా నేలకు దగ్గర కాలేదు. 84 నిమిషాల తర్వాత భూమినంతా చుట్టి, కడప వైపు నుంచి వెలిగొండలు దాటి మన వెనక నుంచి వస్తుంది. ఫిరంగి పేల్చినవాడు ఆ వేళకు తల వంచుకోవడం మంచిది.

కక్ష్య అంటే ఇదే. ఉపగ్రహం పడకుండా ఉండటం లేదు. పడుతూనే ఉంది, నేలకు అందకుండా పడుతోంది.

సెకనుకు 7.9 కిలోమీటర్లు అంటే ఎంతో మనసుకు పట్టాలంటే ఇలా అనుకోండి: నెల్లూరులో బయలుదేరి "ఒకటి, రెండు, మూడు" అని పదిహేను లెక్కపెట్టేలోపు ఒంగోలు చేరిపోవడం. అంతకు మించిన వేగం ఇస్తే గుండు గుండ్రంగా కాక కోడిగుడ్డులా సాగిన దారిలో, అంటే దీర్ఘవృత్తంలో, తిరిగి వస్తుంది. 11.2 దాటితే తిరిగి రాదు. అది పలాయన వేగం, దాని కథ వేరే.

అయిదో మెట్టు: వడిసెల తిప్పండి

జొన్న చేలో కంకి పాలు పోసుకునే వేళకు పిట్టలు దిగుతాయి. మంచె మీద నిలబడి వడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పి వదిలే తాతలు మన ప్రకాశం, నెల్లూరు మెట్ట ఊళ్ళలో ఉండేవాళ్ళు. ఆ రాయి ఎటు పోతుందో వాళ్ళకు చేతికి తెలుసు. మనం రాయి పెట్టవద్దు, రబ్బరు బంతికి పురికొస కట్టి, ఎదురుగా ఎవరూ లేకుండా చూసుకుని, మైదానంలో తల మీదుగా తిప్పుదాం.

బంతి సరిగ్గా మీ ముందుకు వచ్చిన క్షణాన దారం వదిలెయ్యండి. చాలామంది అది ముందుకు, మీకు దూరంగా ఎగిరిపోతుందని అనుకుంటారు. చూడండి, పక్కకు పోతుంది. వదిలిన క్షణాన ఎటు పరుగెడుతోందో అటే సూటిగా, వృత్తానికి స్పర్శరేఖలా. బంతికి సూటిగా పోవాలనే ఉంది. ప్రతి క్షణం దారం దాన్ని లోపలికి లాగి దారి మళ్ళిస్తోంది. ఇలా కేంద్రం వైపుకు లాగే బలానికి అభికేంద్ర బలం అని పేరు. ఉపగ్రహానికి ఆ దారం గురుత్వాకర్షణ.

ఇక్కడ నాకొక పేచీ ఉంది. "గురుత్వాకర్షణ లోపలికి లాగుతుంది, అపకేంద్ర బలం బయటికి లాగుతుంది, రెండూ సమానమై ఉపగ్రహం నిలిచిపోతుంది" అని కొన్ని గైడ్లలో రాస్తారు. పరీక్షకు బట్టీ పట్టడానికి సులువే. కాని ఒక్కసారి ఆలోచించండి. రెండు బలాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే మిగిలే బలం సున్నా. బలం లేని వస్తువు సరళరేఖలో పోవాలి, వృత్తంలో ఎందుకు తిరుగుతుంది? నేల మీద నిలబడి చూసే మనకు ఉపగ్రహం మీద కనిపించే బలం ఒక్కటే, భూమి ఆకర్షణ. దానికి సాటి వచ్చేది ఏదీ లేదు కాబట్టే దాని దారి వంగుతోంది. తిరిగేవాడి పక్కన కూర్చుని లెక్క కట్టేటప్పుడు అపకేంద్ర బలం పనికొస్తుంది, అది పెద్ద తరగతుల్లో నేర్చుకోవచ్చు.

వడిసెల పోలిక ఒకచోట మోసం చేస్తుందనీ చెప్పాలి. బంతిని మన చెయ్యి తిప్పుతూనే ఉండాలి, ఆపితే గాలి దాన్ని ఆపేస్తుంది. దీన్ని చూసి ఉపగ్రహానికీ ఇంజను నడుస్తూ ఉండాలనుకుంటారు. అక్కర్లేదు. గుండ్రటి కక్ష్యలో ఆకర్షణ ఎప్పుడూ పరుగుకు లంబంగా ఉంటుంది, దిశను మారుస్తుంది గాని వేగాన్ని తగ్గించదు, పెంచదు. అక్కడ గాలి కూడా దాదాపు లేదు. ఒకసారి వేగం ఇచ్చి వదిలితే చాలు.

ఆరో మెట్టు: పలక మీద లెక్క

గుండ్రంగా తిరిగే వస్తువుకు కావలసిన త్వరణం వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. ఆ త్వరణాన్ని గురుత్వాకర్షణే ఇస్తోంది. అంటే వేగం వర్గం, గురుత్వ త్వరణాన్నీ భూకేంద్రం నుంచి దూరాన్నీ గుణించినంత. నేల దగ్గర 9.8ని 64,00,000 మీటర్లతో గుణిస్తే 6,27,20,000. దాని వర్గమూలం సుమారు 7,920. సెకనుకు 7.9 కిలోమీటర్లు. ఫిరంగి లెక్కతో కుదిరింది.

400 కిలోమీటర్ల ఎత్తున గురుత్వ త్వరణం 8.7 దగ్గర, దూరం 67,71,000 మీటర్లు. మీరే కట్టండి, 7.67 కిలోమీటర్లు రావాలి. చుట్టుకొలతను ఆ వేగంతో భాగిస్తే ఒక చుట్టుకు సుమారు 92 నిమిషాలు. అందుకే అంతరిక్ష కేంద్రంలో ఉన్నవాళ్ళు ఒక రోజులో పదిహేను, పదహారు సూర్యోదయాలు చూస్తారు.

ఈ లెక్కలో ఉపగ్రహం బరువు ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. బస్సంత ఉపగ్రహమైనా, దాని నుంచి ఊడిన ఇనుప మేకు అయినా అదే ఎత్తున అదే వేగంతో తిరుగుతాయి.

ఏడో మెట్టు: చందమామను తొమ్మిదో వంతు దూరానికి దించండి

ఎత్తు పెరిగేకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది, కాబట్టి తక్కువ వేగం సరిపోతుంది, చుట్టు కూడా పెద్దది. అందుకే పైన తిరిగేవి నెమ్మదిగా తిరుగుతాయి. ఎంత నెమ్మదిగానో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ చెప్పాడు: చుట్టు తిరిగే కాలం వర్గం, దూరం ఘనానికి అనుపాతంలో ఉంటుంది. సూత్రంగా వింటే తలనొప్పి, లెక్కగా చేస్తే ముచ్చటగా ఉంటుంది.

చందమామ మనకు 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒక చుట్టుకు 27.3 రోజులు. ఇప్పుడు ఒక ఉపగ్రహాన్ని ఆ దూరంలో తొమ్మిదో వంతుకు పెట్టామనుకోండి. 9ని ఘనం చేస్తే 729. 729కి వర్గమూలం 27. 27.3 రోజులను 27తో భాగిస్తే దాదాపు ఒక్క రోజు!

ఒక రోజుకు ఒక చుట్టు అంటే భూమి తిరిగే వేగమే. భూమధ్యరేఖ మీద, 35,786 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం సరిగ్గా ఇలాగే భూమితోపాటు తిరుగుతూ మనకు కదలనట్టే కనిపిస్తుంది. వేగం సెకనుకు 3 కిలోమీటర్లే. ఇంటికి వెళ్ళాక మీ వీధిలో ఇళ్ళ మీది టీవీ గొడుగులను చూడండి. ఎవరి కంపెనీ ఏదైనా అన్నీ దక్షిణానికో ఆగ్నేయానికో ముఖం పెట్టి ఉంటాయి. ఒక్కటీ ఉత్తరానికి తిరిగి ఉండదు. భూమధ్యరేఖ మనకు దక్షిణాన ఉంది మరి.

న్యూటన్ చేసిన పని కూడా ఇదే కోవలోది. చందమామ భూకేంద్రానికి భూమి వ్యాసార్ధానికి 60 రెట్ల దూరంలో ఉంది. 60 అరవైలు 3,600. మామిడికాయ మొదటి సెకనులో 4.9 మీటర్లు పడితే చందమామ అందులో 3,600వ వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు లోపే, భూమి వైపు పడాలి. చందమామ దారి వంపును కొలిచి చూస్తే అంతే వస్తుంది. చెట్టు మీది కాయను రాల్చేదీ, చందమామను తిప్పేదీ ఒకే బలమని అలా తేలింది.

ఎనిమిదో మెట్టు: కారని సీసా

మరి వ్యోమగాములు తేలుతారెందుకు? సీసా అడుగున పక్కగా సూదితో బెజ్జం పెట్టి నీళ్ళు నింపండి. మూత తీసి పట్టుకుంటే సన్నటి ధార కారుతుంది. ఇప్పుడు మిద్దె మీది నుంచి సీసాను వదిలెయ్యండి, కింద ఎవరూ లేకుండా చూసుకుని. పడుతున్నంతసేపు ధార ఆగిపోతుంది. సీసా, నీళ్ళు ఒకే తీరుగా పడుతుంటే నీళ్ళు సీసాను నొక్కవు, బయటికి రావు. ఫోనులో నెమ్మది వీడియో తీస్తే స్పష్టంగా కనిపిస్తుంది. పైకి విసిరి చూడండి, చేతిని వదిలిన క్షణం నుంచీ ధార ఉండదు.

వ్యోమగామి నీళ్ళు, అంతరిక్ష నౌక సీసా. రెండూ కలిసి పడుతున్నాయి. దీన్ని స్వేచ్ఛా పతనం అంటారు. అక్కడ లేనిది గురుత్వాకర్షణ కాదు, కాళ్ళను నొక్కి పట్టే నేల.

తొమ్మిదో మెట్టు: వేగం చాలకపోతే

2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి ఎస్.ఎస్.ఎల్.వి. అనే చిన్న రాకెట్ మొదటిసారి ఎగిరింది. అందులోని ఉపగ్రహాల్లో దేశం నలుమూలల 750 మంది బడి ఆడపిల్లలు చేయి వేసిన ఆజాదీశాట్ ఒకటి. 356 కిలోమీటర్ల ఎత్తున గుండ్రటి కక్ష్యలో వదలవలసిన వాటిని, ఒక కొసన 356, మరో కొసన 76 కిలోమీటర్ల ఎత్తుండే సాగిన కక్ష్యలో వదిలింది. ఎత్తు అందింది. అందనిది వేగం. ఆరో మెట్టు పద్ధతిలోనే కొంచెం ముందుకు పోయి లెక్క కడితే ఆ లోటు సెకనుకు నూరు మీటర్లు కూడా కాదు. కావలసిన వేగంలో నూటికి ఒక వంతు. అయినా 76 కిలోమీటర్ల దగ్గర గాలి ఉంది, ఆ గాలిలోకి దిగిన ఉపగ్రహం మళ్ళీ పైకి రాదు. 2023 ఫిబ్రవరి 10న రెండో ప్రయోగంలో అంతా సరిగ్గా జరిగింది, ఆడపిల్లల రెండో ఉపగ్రహం కక్ష్యకు చేరింది.

400 కిలోమీటర్ల దగ్గర కూడా గాలి పూర్తిగా లేకపోలేదు. ఆ పలచటి గాలి రాపిడికి అంతరిక్ష కేంద్రం కొద్దికొద్దిగా కిందికి జారుతూ ఉంటుంది, అప్పుడప్పుడు ఇంజన్లు మండించి పైకి లేపుతారు. లేపేవాళ్ళు లేని అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ 1979 జూలై 11న పడింది. ఎక్కడ పడుతుందో తెలియని ఆ రోజుల గురించి మా అమ్మ కథలుగా చెప్పేది. ఎటూ చచ్చేదే కదా అని పెంచుకున్న కోళ్ళన్నీ కోసుకుతిన్నారట. చివరికి దాని శకలాలు హిందూ మహాసముద్రంలో, ఆస్ట్రేలియా పడమటి భాగంలో రాలాయి. మా ఊరికి మిగిలింది కోళ్ళు లేని గంపలే.

పదో మెట్టు: మిద్దె ఎక్కండి

1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రాకెట్ రోహిణి అనే ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టినప్పటి నుంచి మన తీరం మీద ఈ వంపు కనిపిస్తూనే ఉంది. ఈసారి ప్రయోగం ఉన్నప్పుడు పలక తీసుకుని దక్షిణానికి తిరిగి నిలబడండి. తూర్పు మీ ఎడమ చేతి వైపు. రాకెట్ ఎటు ఒరుగుతుందో, ఎన్నో సెకనుకు ఒరగడం తెలుస్తుందో బొమ్మ గియ్యండి.

టీవీ ఉపగ్రహాల లాంటివైతే తూర్పుకు పోతాయి. భూమి తూర్పుకు తిరుగుతోంది కాబట్టి శ్రీహరికోట నేల ఎలాగూ సెకనుకు 450 మీటర్ల వేగంతో అటే పోతోంది. ఆ వేగం రాకెట్‌కు ఉచితం. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలకు దక్షిణానికి పోవాలి, దారిలో శ్రీలంక ఉంది. అందుకని వాటిని మోసే పి.ఎస్.ఎల్.వి. రాకెట్ ముందు ఆగ్నేయానికి పోయి, ద్వీపాన్ని తప్పించుకున్నాక దక్షిణానికి మలుపు తిరుగుతుంది. ఇందుకు ఇంధనం అదనంగా ఖర్చవుతుంది.

ప్రయోగం లేని రోజుల్లో అంతరిక్ష కేంద్రాన్ని చూడవచ్చు. మన మీదుగా ఎప్పుడు పోతుందో చెప్పే యాప్‌లు ఫోనులో ఉన్నాయి. పొద్దు గుంకాకో తెల్లవారే ముందో, మిణుకుమనకుండా, శుక్రుడిలా మెరుస్తూ నాలుగైదు నిమిషాల్లో ఆకాశాన్ని దాటుతుంది. అది కనిపించిన క్షణాన టైము రాసుకోండి.

ఒకటిన్నర గంట తర్వాత అది తన చుట్టు పూర్తి చేసుకుని మళ్ళీ ఈ అక్షాంశానికే వస్తుంది. కాని నెల్లూరు మీదికి రాదు. పడమరగా సుమారు 2,500 కిలోమీటర్ల అవతల, అరేబియా సముద్రం మీదుగా పోతుంది. దాని కక్ష్యను ఎవరూ పక్కకు జరపలేదు. మరి జరిగింది ఏమిటి? జవాబు పలక మీద రాసి ఉంచండి, రేపు మొదటి పీరియడ్‌లో చూస్తాను.